హాజరు పడేదాకా

ఫెర్న్ హోక్ ఇంకా సి వరసలోనే ఉంది. ఏడాదికి రెండుసార్లు జరిగే ఈ బొమ్మ రైళ్ళ సంతలో మాది కె వరస. ఆవిడ ప్రతి టేబుల్ దగ్గరా ఆగి, కళ్ళజోడు పైకి తోసుకుని, లిస్టులో పేరు వెతికి, మనిషి మొహం చూసి, మళ్ళీ లిస్టు చూసి, అప్పుడుగానీ టిక్కు పెట్టదు. ముప్పై ఏళ్ళుగా తెలిసిన మొహమైనా అంతే, చూడకుండా హాజరు వెయ్యదు. వేసేదాకా టేబుల్ వదిలి కదలకూడదు. కదిలితే వచ్చే ఏప్రిల్‌కి మన చోటు ఇంకొకరిదవుతుంది, దానికోసం రెండొందలమంది పేర్లిచ్చుకుని కాచుక్కూచున్నారు. ఇద్దరి పేరు మీద ఉన్న టేబుల్ దగ్గర ఒక్కరుంటే చాలు. ఆ ఒక్కరూ నేనే, ఎందుకంటే మా అన్న లామార్ ట్రక్కులోంచి మిగిలిన ట్రేలు తెస్తానని వెళ్ళి ఇరవై నిమిషాలైంది, దారిలో ఎవరో దొరికి ఉంటారు, వాడికి దారిలో ఎవరో ఒకరు దొరక్కుండా ఉండరు. ఎనిమిదీ పది. తొమ్మిదికి జనానికి తలుపులు తీస్తారు. నడవకి అవతల, సరిగ్గా ఎనిమిది అడుగుల దూరంలో, ఆయ్లర్ అనే కొత్త మనిషి టేబుల్ మీద, నలిగిన వార్తాపత్రిక మీద, మా అన్న ఇంజన్ ఉంది.

ముందు నేను దాన్ని చూడలేదు. సొరుగులు సర్దుకుంటున్నాను. మేం అమ్మేది రైళ్ళు కాదు, రైళ్ళ లోపలి సామాను, ఈ హాల్లో ఉన్న నాలుగొందల టేబుళ్ళ మీది బొమ్మ రైళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఆగిపోవాల్సిందే, ఆగినప్పుడు తలనెరిసిన పెద్దమనుషులు మా దగ్గరికే రావాలి, చిటికెన వేలి గోరంత మోటారు బ్రష్షుల కోసం, స్ప్రింగుల కోసం, గింజంత బల్బుల కోసం. బ్రష్షులు మొదటి సొరుగు, బల్బులు రెండోది, కమ్మీలు మూడోది. మూడోది మూస్తూ తలెత్తాను. ఆయ్లర్ పత్రిక విప్పుతున్నాడు, అందులోంచి నల్లటి మూరెడు ఇంజన్, ఎనిమిది చక్రాలది, ఇలాంటివి ఈ హాల్లో తక్కువలో తక్కువ అరవై ఉంటాయి, చూడాల్సినంత వింతేం కాదు. కానీ ఇటు తిప్పి పెట్టాడు. పైకప్పులోని కిటికీలోంచి ఎండ దాని పక్కమీద పడింది, పొట్ట పొడవునా ఉండే సన్నటి కమ్మీ మీద, ఆ కమ్మీ చివర మూడు చిన్న వంపులు తళుక్కుమన్నాయి. కమ్మీకి వంపులుండవు. ఏ ఫ్యాక్టరీలోనూ వంపుల కమ్మీ చెయ్యరు. ఆ వంపులు ఆడవాళ్ళు తల్లో పెట్టుకునే స్లైడుకి ఉంటాయి, జుట్టు జారిపోకుండా. ఆ స్లైడు మా అమ్మది, దాన్ని విప్పి, సాగదీసి, టంకం పెట్టి అతికించింది నేను, పన్నెండేళ్ళప్పుడు, లామార్ బడినుంచి వచ్చేలోగా, వేళ్ళు కాల్చుకుంటూ.

ఒక కాలిమీంచి ఇంకో కాలిమీదికి మారుతున్నాను. ఫెర్న్ డి వరసలోకి తిరిగింది. లామార్ ఇవాళ కనక ఆ టేబుల్ దగ్గర ఆగితే, ఆగుతాడు, వాడు ఆగని టేబుల్ లేదు, ఇంజన్ చేతిలోకి తీసుకుంటే చేసే మొదటి పని దాన్ని తిరగేసి అడుగు చూడటం. అడుగున, డ్రైవరు నిలబడే చోటు కింద, ఎల్. ఎస్. అని రెండక్షరాలుంటాయి, ఎనిమిదేళ్ళప్పుడు వాడే మేకుతో గీశాడు, లామార్ స్ప్రెంకెల్, నాన్న దానికి చెవి మెలేశాడు. వాడు ఆ అక్షరాలు చూస్తే అయిపోతుంది. ఎందుకంటే ఆ ఇంజన్ వరదలో పోయింది. వరదలో పోయిందని వాడికి చెప్పింది నేను. యాభై రెండేళ్ళుగా వాడి లెక్కలో అది నది అడుగున, బురదలో, తుప్పుపట్టి ఉంది, ఇదిగో ఇక్కడ శుభ్రంగా, పొడిగా, మచ్చైనా లేకుండా నిగనిగలాడుతోంది.

వరద నిజమే. ఆ జూన్‌లో నది మా వీధిలోకి వచ్చింది, బేస్‌మెంట్‌లోకి వచ్చింది, నాలుగో మెట్టుదాకా నిలబడింది. నీళ్ళు దిగాక నాన్నా నేనూ పారలతో బురద ఎత్తిపోశాం, ఎత్తిన ప్రతి పారలోనూ ఏదో ఒకటి, పట్టాల ముక్క, ట్రాన్స్‌ఫార్మర్ మూత, లామార్ కట్టిన స్టేషను గోడ, అమ్మ వంటల చీటీల పెట్టె, అమ్మ బట్టల పెట్టె. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆమె వస్తువులన్నీ నాన్న కిందనే పెట్టాడు, పైన కళ్ళకి కనిపిస్తే భరించలేనని. అన్నీ పోయాయి. దువ్వెన కూడా మిగల్లేదు. అన్నీ పోయిన చోట ఒక ఇంజన్ పోయిందంటే ఎవరు కాదంటారు, నాన్న కూడా కాదనలేదు, ఆయన లెక్క చూసుకునే స్థితిలో లేడు. కానీ ఇంజన్ అప్పుడక్కడ లేదు. అంతకుముందు అక్టోబరులోనే, ఇదే మైదానంలో, ఇదే హాల్లో, గోధుమరంగు టోపీ పెట్టుకున్న ఒకాయనకి దాన్ని ఇరవై రెండు డాలర్లకి ఇచ్చేశాను.

ఇది తలచుకోకూడదనుకుంటాను. బల్బుల సొరుగు మళ్ళీ తెరిచి మూశాను.

ఆయ్లర్‌ని అడిగితే సరిపోదా. ఎనిమిదడుగులే కదా, గొంతెత్తితే చాలు. కానీ ముప్పై నాలుగేళ్ళలో నేను ఈ హాల్లో ఒక్క ఇంజనూ కొనలేదు, వరస వరసంతా ఎరుగుదురు, లూయెల్లా బాగుచేస్తుంది గానీ కొనదు అని నవ్వుకుంటారు. ఇవాళ నేను గొంతెత్తి ఆ నల్లది పక్కన పెట్టండి అంటే నాలుగు తలలు ఇటు తిరుగుతాయి, నాలుగు నోళ్ళు లామార్‌కి చెబుతాయి, మీ చెల్లెలు ఇంజన్ కొందయ్యా అని, వాడు ఏదీ చూపించు అంటాడు. మెల్లగా అడగాలి. మామూలుగా, సరుకు మీద ఆసక్తి లేనట్టు.

"ఎవరిదండీ ఈ సరుకంతా?" అన్నాను.

"ఎవరో పళ్ళ డాక్టరుగారిదమ్మా," అన్నాడు ఆయ్లర్ పత్రికలు ఉండచుడుతూ. నలభై ఏళ్ళుంటాయి, ఒహాయో మనిషి, మొదటిసారి రావడం. "పోయాడాయన. పిల్లలకి ఒక్కటీ అక్కర్లేదంట, మొత్తం పట్టుకుపొమ్మన్నారు. విప్పుతుంటే నాకే తెలీడంలేదు లోపలేముందో. కాఫీ ఎక్కడ దొరుకుద్ది ఇక్కడ?"

"బయట, మేకల షెడ్డు పక్కన. హాజరు పడేదాకా మాత్రం కదలకండి."

"కదిలితే కొడతారా?"

"కొట్టరు. మళ్ళీ రానివ్వరు."

అతను నవ్వాడు. నేను నోరు తెరిచాను, ఆ నల్లది ఒకసారి, అని అనబోయాను, అనేలోపు డెల్బర్ట్ యింగ్లింగ్ వచ్చి దాన్ని చేతిలోకి తీసుకున్నాడు.

ఇక అయిపోయింది. ఒకరి చేతిలో ఉన్న సరుకు గురించి ఇంకొకరు నోరెత్తకూడదు. అడగకూడదు, ధర వినకూడదు, అటు చూడటం కూడా తప్పే, అతను కింద పెట్టి చెయ్యి వెనక్కి తీసుకున్నాకే రెండోవాడి వంతు. ఇది ఎక్కడా రాసిలేదు, రాసినవాటిని మా వాళ్ళు దాటుతారు గానీ దీన్ని దాటరు. డెల్బర్ట్ సంగతి అందరికీ తెలుసు, హాజరు మొదట్లోనే వేయించేసుకుంటాడు, వాడి టేబుల్ ఎ వరసలో తలుపు పక్కనే, వేయించుకుని ఇక హాలంతా తిరుగుతాడు, ఏదైనా పట్టుకుంటే అరగంట పట్టుకుంటాడు, పట్టుకున్నవాటిలో పదోవంతు కూడా కొనడు. ఎనిమిదీ ఇరవై రెండు. ఫెర్న్ ఎఫ్‌లో ఉంది. డెల్బర్ట్ ఇంజన్ని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"ఏంటండీ వాసన చూస్తున్నారు, వండేది కాదది," అన్నాడు ఆయ్లర్.

"పాత రంగుకి వాసనుండదు బాబూ. కొత్త రంగుకుంటది," అన్నాడు డెల్బర్ట్ తాపీగా.

పట్టుకో, పట్టుకో, వాసన చూడు, నాకుతావా నాకు, కానీ కింద పెట్టు. ఈ మనిషిని నేను ఎన్నోసార్లు వెనకేసుకొచ్చాను, వాడి భార్య పోయాక వాడికి చెయ్యడానికి ఇంకేం లేదు పాపం అని, ఇవాళ మాత్రం వాడి రెండు చేతులూ విరిగిపోవాలనిపిస్తోంది. తప్పే. అనిపిస్తోంది, అంతే. తలుపువైపు చూశాను, లామార్ ఎర్రగీతల చొక్కా ఎక్కడా లేదు. మోకాలి నొప్పితో కుంటుతాడు, దూరంనుంచే తెలుస్తాడు. వరద వచ్చిన ఏడు సెప్టెంబరులో వాడు యుద్ధంనుంచి ఇంటికొచ్చినప్పుడు కుంటలేదు, బాగానే ఉన్నాడు, సన్నబడ్డాడు అంతే. పెట్టె దింపి సరాసరి బేస్‌మెంట్‌కి దిగాడు. కడిగి సున్నం వేసిన ఉత్త గోడలు. పైకొచ్చి వెనక మెట్ల మీద కూచున్నాడు. నేను మొక్కజొన్న వలుస్తున్నాను. ఇంజన్ కూడానా లూ, అన్నాడు. అవును, ఇంజన్ కూడా, అన్నాను. అంతే, ఎంత తేలిక, రెండు మాటలు. అప్పుడే చెప్పి ఉంటే తిట్టేవాడు, రెండ్రోజులు మాట్లాడేవాడు కాడు, మూడోరోజుకి మామూలే. చెబుదామనే అనుకున్నాను, నోటిదాకా వచ్చింది కూడా. అంతలో వాడు ఏడ్చాడు. పక్కన పడుకున్నవాళ్ళు ఇద్దరు చచ్చిపోతే ఏడవలేదని వాడే చెప్పాడు, ఇంజన్ పోయిందంటే ఏడ్చాడు. అక్కడ నిద్రపట్టేది కాదంట. కళ్ళు మూసుకుని మన బేస్‌మెంట్‌లో దాన్ని తిప్పేవాడంట, మెట్ల కింద బయలుదేరి, బాయిలర్ పక్క మలుపు, బట్టల మిషను వెనక సొరంగం, కిటికీ కింద స్టేషను, ఒక్కో చోట దాని చప్పుడు ఎలా మారుతుందో అలాగే వింటూ, ఒకటి, రెండు, మూడు, నలభై చుట్లు తిప్పితే కాస్త కునుకు పట్టేదంట. అది ఇంట్లో ఉంది, నేను వెళ్ళేసరికి ఉంటుంది అనుకునేవాణ్ణి లూ, అన్నాడు. మొక్కజొన్న వలుస్తూనే ఉన్నాను. ఇక ఎలా చెబుతాను. ఆ రోజు చెప్పలేకపోయాను, మర్నాడు చెప్పలేకపోయాను, ఆ తర్వాత చెప్పడానికి చోటే లేకపోయింది.

జి వరస. ఆవిడ ఇవాళ మరీ నెమ్మదిగా నడుస్తోందా, లేక నాకలా ఉందా.

వాడి మీద కోపం కాదు. వాడి మీద కోపమే. ఇంట్లో రైళ్ళు మగపిల్లవాడివి, అది ఎవరూ చెప్పక్కర్లేదు, క్రిస్మస్‌కి వాడికి ఇంజన్, నాకు టీ కప్పుల సెట్టు. ఆగిపోతే బాగుచేసింది నేను. బ్రష్షులు మార్చింది నేను, చక్రాల్లో చిక్కుకున్న కుక్క వెంట్రుకలు సూదితో లాగింది నేను, వాడికి ఓపిక లేదు, స్క్రూ తిరక్కపోతే కొడతాడు. ఆ రోజు దొంగతనంగా ఆడుకుంటుంటే చెయ్యి జారి కింద పడింది, కమ్మీ విరిగింది, భయమేసి అమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె కూర కలుపుతోంది. తల్లోంచి స్లైడు తీసి ఇచ్చింది, జుట్టు మొహం మీద పడింది, దాన్ని మోచేత్తో వెనక్కి తోసుకుంది. అంత సన్నటి తీగ ఇదే ఉంది నా దగ్గర, వాడొచ్చేలోగా కానీ, అంది. నల్ల రంగు పూశాను. లామార్‌కి ఇవాల్టికీ తెలీదు. అమ్మ పోయాక నేనే వంట, నేనే ఇల్లు, వాడు సైన్యంలోకి వెళ్ళాడు, వెళ్ళి రాసిన ఉత్తరాల్లో ఒకదాని చివర, లూని నా ఇంజన్ జోలికి వెళ్ళొద్దని చెప్పు నాన్నా, తాళం వెయ్యి, అని. నాన్న నిజంగానే పెట్టెకి తాళం వేశాడు. ఆ తాళం తియ్యడానికి నాకు రెండు నిమిషాలు పట్టింది, అమ్మడానికి ఒక పూట. నాకప్పుడు పదహారేళ్ళు. వచ్చిన డబ్బుతో టంకం పెట్టే మంచి సాధనం కొనుక్కున్నాను, నా పేరున నేను కొన్న మొదటి వస్తువు. అది కొన్నప్పుడు ఎంత సంతోషమో చెప్పలేను. స్లైడు సంగతి గుర్తుకురాలేదు. అమ్మది ఒక్క వస్తువు ఎక్కడైనా మిగిలిందంటే అది ఆ ఇంజన్ పక్కన ఉంది, దాన్ని నేనే అమ్ముకున్నానని నాకు తెలిసింది వరద వచ్చాకే, బురదలో దువ్వెన కోసం వెతుకుతున్నప్పుడు.

డెల్బర్ట్ కోటు విప్పాడు. ఇంజన్ మీద కప్పి, తల కూడా లోపల పెట్టి, ఊదారంగు దీపం వేశాడు. కొత్త రంగు ఆ దీపంలో వేరేగా కనబడుతుంది, మా హాల్లో సగంమంది జేబుల్లో ఉంటుందది. ఇప్పుడు అడుగు చూస్తాడు. అక్షరాలు పైకి చదువుతాడు, చదవడం వాడికి అలవాటు, ఎల్. ఎస్. ఎవరబ్బా అంటాడు, ఈ వరసలో ఎల్. ఎస్. ఎవరో తెలియని వాడెవడు. టేబుల్ అంచు పట్టుకున్నాను. కోటు కిందనుంచి గొంతు వచ్చింది.

"అడుగున గీకేశారు. గీకి మళ్ళీ రంగేశారు. ఏవో అక్షరాలుండేవి ఇక్కడ, ఇప్పుడు లేవు." తల బయటికి తీశాడు. "నీ చీటీ మీద ఆ మాట రాయలేదేం?"

"నాకు తెలిస్తే కదండీ రాసేది," అన్నాడు ఆయ్లర్.

"ఇప్పుడు తెలిసిందిగా. రాయి. బాగుచేసినదాన్ని బాగుచేసినట్టు రాయకపోతే ఇక్కడ నిన్ను మనిషిలా చూడరు."

"మీరు కొంటారా?"

"గీకినవి నేను కొనను," అని కింద పెట్టి, కోటు దులుపుకుని వెళ్ళిపోయాడు.

అక్షరాలు లేవు. ఆ పళ్ళ డాక్టరో, అంతకుముందు ఎవరో, పిల్లాడి గీతలుంటే విలువ పోతుందని గీకి పారేశాడు. అంటే లామార్ తిరగేసినా ఏం కనబడదు. ఆ ఇంజన్ ఇక ఎవరిదైనా కావచ్చు. వంపుల సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఎంత హాయిగా అనిపించిందో, మెడలో నరాలు వదులయ్యాయి, ఆకలి కూడా వేసింది, వెంటనే సిగ్గేసింది. వాడి పేరు చెరిగిపోయిందని నేను సంతోషిస్తున్నాను. ఎనిమిదేళ్ళ పిల్లాడు నాలుక బయటపెట్టి మేకుతో గీసిన పేరు. ఛీ. అయినా హాయిగానే ఉంది. ఫెర్న్ వెళ్ళగానే నేనే కొనేస్తాను, సంచిలో పెట్టేస్తాను, ఇంటికెళ్ళి నా గదిలో, ఎక్కడ పెట్టాలి, వాడు రాని చోటంటూ మా ఇంట్లో లేదే.

"లూయెల్లా స్ప్రెంకెల్."

ఉలిక్కిపడ్డాను. ఫెర్న్ లిస్టు పట్టుకుని నా ముందే ఉంది. హెచ్, ఐ, జె వరసలు ఎప్పుడు దాటిందో నేను చూడనే లేదు.

"ఉన్నాను."

"లామారేడి?"

"ట్రక్కు దగ్గర."

"ఒకరుంటే చాల్లే." కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూసింది. "మొహం అలా పాలిపోయిందేంటి? పొద్దున్నేమన్నా తిన్నావా?"

"తిన్నాను."

"అబద్ధం," అని టిక్కు పెట్టి పక్క టేబుల్‌కి వెళ్ళింది.

ఇప్పుడు వెళ్ళొచ్చు. ఎనిమిదీ నలభై. ఎనిమిదడుగులు. టేబుల్ చుట్టూ తిరిగి వచ్చేలోపు అటువైపునుంచి ఎర్రగీతల చొక్కా, చేతిలో ట్రేలు, ట్రేల మీద కాగితంలో చుట్టిన గుడ్డు రొట్టెలు. వాడు నావైపు రాలేదు. ఆయ్లర్ దగ్గర ఆగాడు. ట్రేలు ఆ టేబుల్ కొసన ఆనించి, ఉన్న అన్నింటిలోనూ దాన్నే తీసుకున్నాడు. వాడి చేతిలో ఉంది, ఇక నేను నోరెత్తకూడదు. తిరగేశాడు. అడుగు చూశాడు, బొటనవేలితో తడిమాడు. మళ్ళీ సరిగ్గా పట్టుకున్నాడు. చక్రం ఒకటి వేలితో తిప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. వాడికి కుడికంట్లో పొర ఉంది, వచ్చే నెల తీస్తామన్నారు, చూపుకంటే చేతుల్నే నమ్ముతాడిప్పుడు. చాలాసేపు నిలబడ్డాడు. అక్కడ కూడా ఇలాగే విని ఉంటాడు, చీకట్లో, ఒకటి, రెండు, మూడు. తర్వాత జేబులో చెయ్యిపెట్టాడు. ఇన్నేళ్ళలో వాడు ఆ రకం ఇంజన్ ఒక్కటీ కొనలేదు. నది మింగినదాని బదులు ఇంకోటెందుకు అనేవాడు, ఎవరైనా చవగ్గా ఇస్తానన్నా తల అడ్డంగా ఊపేవాడు. ఇవాళ కొన్నాడు.

వచ్చి ట్రేలు దించి, రొట్టె నా ముందు పెట్టి, ఇంజన్ని గుడ్డ మీద పెట్టాడు.

"ఏం చూస్తున్నావు, కొన్నాను. చచ్చినా కొననన్నాను, తెలుసు. తిట్టేదేదో తిట్టెయ్."

"ఎందుకు కొన్నావు?" అన్నాను.

"ఏమో లూ. పట్టుకున్నాను, కింద పెట్టబుద్ధి కాలేదు. మన దాని బరువే ఉంది." కుర్చీ లాక్కుని కూచున్నాడు. "చవగ్గానే ఇచ్చాడులే. అడుగు గీకేశారంట. ఈ కమ్మీ చూడు, ఎవడో చేతకాని వెధవ ఏదో తీగ తెచ్చి అతికించాడు, వంకరటింకరగా. మన మూడో సొరుగులో అసలుది ఉండాలి, ఇలా ఇవ్వు, తలుపులు తీసేలోపు మార్చేస్తా."

మూడో సొరుగు తీశాను. అసలు కమ్మీ ఉంది, ఇలాంటివి ఏడున్నాయి, మెరుస్తూ, నిటారుగా. ఒకటి తీశాను. వాడు చిన్న పటకారు తీసి కమ్మీ చివర పట్టుకున్నాడు, టంకం ఎక్కడుందో వేలితో వెతుకుతున్నాడు, కాలి దగ్గర పాత సామాను పడేసే రేకుడబ్బా మూత తీసి ఉంది. ఒక్కసారి లాగితే చాలు. తీగ డబ్బాలో పడుతుంది, ఇంజన్‌కి కొత్త కమ్మీ వస్తుంది, ఇక దాన్ని నేను కూడా గుర్తుపట్టలేను. నా గండం పూర్తిగా గడిచిపోతుంది. వాడికి ఇంజన్ దొరికింది, నాకు దోషం పోయింది, ఎవరికీ నష్టం లేదు. కమ్మీ ఇచ్చెయ్. ఇచ్చెయ్ లూయెల్లా. చెయ్యి చాపాను కూడా. టంకం కరకరమంది. పన్నెండేళ్ళప్పుడు పెట్టిన టంకం, ఇన్ని చేతులు మారినా ఊడలేదు, చేతకాని వెధవ అంటాడా, అమ్మ జుట్టు మొహం మీద పడింది, మోచేత్తో తోసుకుంది, ఆమె మొహం కూడా నాకిప్పుడు సరిగ్గా గుర్తులేదు, ఆ మోచెయ్యే గుర్తు.

"తియ్యకు," అన్నాను.

"ఏం?"

"అది అమ్మ స్లైడు."

పటకారు ఆగింది. "ఏ అమ్మ?"

"మన అమ్మ. నేను కింద పడేసి విరక్కొట్టాను. తల్లోది తీసి ఇచ్చింది. నువ్వు బళ్ళో ఉన్నావు."

వాడు ఇంజన్ని చూశాడు, నన్ను చూశాడు. వంపుల మీద వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు తడిమాడు. మళ్ళీ తిరగేసి, గీకిన చోట బొటనవేలు ఆనించి అలాగే ఉంచాడు. మొహంలో ఏమీ మారలేదు. వాడి మొహం ఎప్పుడూ ఆలస్యంగా మారుతుంది.

"వరద," అన్నాడు.

"వరద తీసుకెళ్ళలేదు లామార్. అంతకుముందే అమ్మేశాను. అక్టోబరులో. ఇక్కడే."

"అక్టోబరా."

"నా ఇంజన్ జోలికి వెళ్ళొద్దని రాశావు. తాళం వెయ్యమన్నావు."

"ఏడిపించడానికి రాశానే పిచ్చిదానా."

"తెలుసు. తర్వాత తెలిసింది."

ఎక్కడో తలుపులు తీశారు, గచ్చు మీద అడుగుల చప్పుడు వరసల్లోకి వ్యాపిస్తోంది, ఎవరో నవ్వుతున్నారు.

"అయితే నేను అక్కడ తిప్పుతున్నప్పుడు," అన్నాడు, "చాలామట్టుకు అది ఇంట్లో లేదన్నమాట."

"లేదు."

ఇంకేమైనా అనాలి. క్షమించమనాలి, ఆ మాట యాభై రెండేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగాను, తీరా ఇప్పుడు రావడం లేదు. వాడు పటకారుని దాని పెట్టెలో పెట్టి మూత వేశాడు. జనం వచ్చేశారు, ముందుగా వచ్చే వాళ్ళెప్పుడూ పరుగు నడకే, టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన మా టేబుల్ దగ్గర ఆగి లామార్ చేతిలోకి వంగి చూశాడు.

"మంచి ఇంజనండీ. ఎంతకిస్తారు?"

లామార్ దాన్ని గుడ్డ మీద, నావైపు పెట్టాడు. నావైపు చూడలేదు.

"ఆవిణ్ణడగండి," అన్నాడు. "ఆ ఇంజన్ ఆవిడది."

లేచాడు, కుర్చీ వెనక్కి తోశాడు, కుంటుకుంటూ నడవలో జనానికి ఎదురునడిచి తలుపు వైపు వెళ్ళిపోయాడు. రొట్టె ముట్టుకోలేదు. ఆ ఒక్క మాట మా ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా అని ఉంటే నేను దాన్ని అమ్మేదాన్నే కాదు. వాడు ఇచ్చాడో విసిరికొట్టాడో నాకు తెలియడం లేదు. ఇచ్చాడనే అనుకోవాలని ఉంది.

"ఏమండీ, ఎంత?" అన్నాడు పెద్దాయన.

"ఆయన్ని రానివ్వండి," అన్నాను.

"ఎప్పుడొస్తాడు?"

"తెలీదండీ," అన్నాను, తలుపు వైపే చూస్తూ.